మూసీ నీళ్ళు అందించిన వేగు

పిల్లలూ, మీలో హైదరాబాదు ఎరిగినవాళ్ళకు నాగోలు తెలిసే ఉంటుంది. నగరానికి తూర్పున, ఉప్పలు పక్కన ఉన్నది. 2017 నవంబరులో మెట్రో రైలు తొలిసారి నడిచినప్పుడు మియాపూరు నుంచి అమీరుపేట మీదుగా వచ్చి ఆగినది ఇక్కడే. ఇక్కడ మూసీ నది మీద వంతెన ఉన్నది. బస్సు ఆ వంతెన దాటేదాకా లోపలి జనమంతా ముక్కులు మూసుకుంటారు. అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది, నగరాన్ని దాటి ఇక్కడికి వచ్చేటప్పటికి ఎన్నో లక్షల ఇళ్ళ మురుగును మోసుకుని వస్తుంది మరి! ఆ మురుగును శుద్ధిచేసే పెద్ద కేంద్రం నాగోలులో నది ఒడ్డునే ఉన్నది.

మురుగంటే అసహ్యించుకోని వాళ్ళెవరు? కాని ఆ నీటిని సీసాలోకి పట్టి, మంచుగడ్డల మధ్య పెట్టి, బంగారంకన్న భద్రంగా ప్రయోగశాలకు తీసుకుపోయేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు ఆ నీళ్ళు వేగులవాడు తెచ్చిన కబురులాంటివి. ఊరివాళ్ళ ఒంట్లో ఏం జరుగుతున్నదో ఊరివాళ్ళకే తెలియకముందు ఆ కబురు చెబుతుంది.

2016లో సరిగా అదే జరిగింది. మే నెలలో హైదరాబాదు మురుగు నుంచి పట్టిన నమూనాలో పోలియో వైరసు కనబడింది. మన దేశానికి పోలియో పీడ వదిలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఊళ్ళో ఒక్క పిల్లవాడికి కూడా కాలు చచ్చుపడలేదు. ఎవరికీ జబ్బు చెయ్యలేదు. ఆస్పత్రులలో ఎక్కడా ఏ కలకలమూ లేదు. అయినప్పటికీ జూన్ 20న హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో టీకాల పెట్టెలు భుజాన వేసుకుని ఆరోగ్య కార్యకర్తలు బస్తీలలోకి బయలుదేరారు. ఆరు వారాల పసిబిడ్డ మొదలు మూడేళ్ళ పిల్లల దాకా, 26వ తేదీ లోపల 3,11,064 మందికి టీకా వేశారు. వెయ్యాలనుకున్న ప్రతి నూరుమందిలోనూ 94 మందికి అందినట్టు లెక్క తేలింది.

సీసాడు మురుగు నీళ్ళను చూసి ఇంత హడావుడి ఎందుకూ అని మీరడగవచ్చు. ఇంకొక చిత్రం కూడా ఉన్నది. ఆ పిల్లలకు వేసినది పూర్తి టీకా కాదు. అందులో అయిదోవంతు మాత్రమే! పూర్తి టీకా అర మిల్లీలీటరు. వీళ్ళకు పట్టినది మిల్లీలీటరులో పదోవంతు. అయిదుగురు పిల్లలకు ఒకరి టీకా పంచిపెడితే ఎలా సరిపోతుంది? పులుసులో నీళ్ళు పోసి పదిమందికి వడ్డించినట్టు కాదా ఇది? కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మనం ముందు మన ఒంట్లోకి ఒకసారి వెళ్ళి రావాలి.

గోల్కొండ కోట చూసినవాళ్ళకు ఈ ప్రయాణం సులభం. అక్కడ ముఖద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, ఎక్కడో కొండ మీద ఉన్న బాలాహిసారులో వినబడుతుంది. శత్రువు గుమ్మంలోకి వచ్చాడన్న సంగతి పైనున్నవాళ్ళకు క్షణంలో తెలిసిపోవాలని ఆ ఏర్పాటు. మన ఒళ్ళు కూడా అటువంటి కోటే. చర్మం దాని ప్రాకారం. కన్నీటిలోనూ, ఉమ్మిలోనూ కొన్ని రకాల సూక్ష్మజీవుల గోడలను కరిగించే పదార్థం ఒకటి ఉన్నది. దానిని అలెగ్జాండరు ఫ్లెమింగు 1922లో కనిపెట్టాడు. ముక్కులో జిగురు, గొంతు కింద గాలిగొట్టంలో సన్నని నూగు, కడుపులో మంటెత్తే ఆమ్లం - ఇవన్నీ కోట చుట్టూ తవ్విన అగడ్తలు. మనం రోజూ మింగే సూక్ష్మజీవులలో చాలాభాగం ఈ అగడ్తలు దాటలేకే చస్తాయి.

మరి ప్రాకారానికి కన్నం పడితే? మీ కాలికి ముల్లు గుచ్చుకున్నదనుకోండి. ముల్లుతోపాటు వేలకొద్దీ క్రిములు లోపలికి వస్తాయి. చర్మం కిందనే కాపలా తిరిగే తెల్లకణాలు కొన్ని ఉన్నాయి. అవి కనబడిన క్రిమిని కనబడినట్టే చుట్టుముట్టి మింగేస్తాయి. దీనిని మొదట కళ్ళారా చూసినవాడు మెచ్నికోవు అనే రష్యా శాస్త్రజ్ఞుడు. 1882లో ఆయన ఇటలీలో, మెస్సీనా అనే రేవు పట్టణంలో ఉన్నాడు. సముద్రపు నక్షత్రచేప పిల్లల ఒళ్ళు అద్దంలాగా ఉంటుంది. లోపల కదిలేవన్నీ సూక్ష్మదర్శినిలో కనబడతాయి. ఆయన తోటలోని గులాబి ముళ్ళు తెచ్చి వాటికి గుచ్చి, రాత్రంతా నిద్రపట్టక, తెల్లవారీ తెల్లవారకముందే లేచి చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! తరువాత 1908లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చింది. ముల్లు గుచ్చుకుంటే ఏడవడం అందరికీ తెలుసు. ముల్లు గుచ్చి నోబెలు సంపాదించినవాడు బహుశా ఆయనొక్కడే.

మింగే కణాలు మింగుతూ ఊరుకోవు. చప్పట్లు కొడతాయి. అంటే, కొన్ని రసాయనాలను నెత్తురులోకి వదులుతాయి. ఆ కబురు అందగానే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. నెత్తురు ఎక్కువగా వస్తుంది. చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కి, సలుపుతుంది. మనం "పుండు లేచింది" అని బాధపడతాం. నిజానికి అది సైన్యం దిగిన గుర్తు. అందులో మొదట వచ్చే సిపాయిలకు ఆయుస్సు చాలా తక్కువ. మన ఎముకల్లోని మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల మందిని తయారుచేసి పంపుతూ ఉంటుంది. పుండులోంచి కారే చీములో ఎక్కువ భాగం పోరాడి చచ్చిన ఈ సిపాయిల శవాలే. రసాయనాల కబురు మెదడు దాకా వెళితే ఒళ్ళంతా వేడెక్కుతుంది. అదే జ్వరం. జ్వరం తెచ్చిపెట్టేది క్రిమి అనుకుంటాం గాని, పొయ్యి రాజేసేది మన ఒళ్ళే. కొద్దిపాటి వేడిలో మన సైన్యం చురుకుగా పనిచేస్తుంది. చాలా క్రిములు నీరసపడతాయి. అయితే జ్వరం మరీ హెచ్చితేనూ, తగ్గకుండా ఉంటేనూ డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిందే.

గోల్కొండను ఔరంగజేబు 1687లో ముట్టడించాడు. ఎనిమిది నెలలపాటు ఎన్ని ఫిరంగులు పేల్చినా కోట పడలేదు. చివరకు ఎలా పడిందో మీ చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. అబ్దుల్లా ఖాన్ పనీ అనేవాడు లోపలినుంచి తలుపు తీశాడు. వైరసులు చేసేది ఇదే! అవి గోడలు బద్దలుకొట్టవు. మన కణాల తలుపులకు సరిపోయే దొంగ తాళంచెవి వాటి ఒంటి మీదనే ఉంటుంది. పోలియో వైరసు ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరు పొడవున ముప్పైవేలకు పైగా వరసగా పేర్చవచ్చు. ఇది నీళ్ళతోనో, మట్టి చేతులతోనో నోట్లోకి వస్తుంది. కడుపులోని ఆమ్లం దీన్ని ఏమీ చెయ్యలేదు. పేగుల్లోని కణానికి తాళంచెవి పెట్టి తలుపు తీసుకుని లోపలికి పోతుంది. పోయి, ఆ కణంలోని యంత్రాలతోనే తనలాంటి పిల్లలను చేయించుకుంటుంది. కొద్ది గంటల్లో వేలకొద్దీ వైరసులు తయారై, ఆ కణాన్ని చీల్చుకుని బయటపడి పక్క కణాల తలుపులు తడతాయి.

మింగే కణాలు కణం లోపల దాక్కున్న దొంగను పట్టలేవు. అందుకు వేరే ఏర్పాట్లున్నాయి. దొంగ చొరబడిన కణం తాను చస్తూ కూడా పక్కవాళ్ళను "తలుపులు బిగించుకోండి" అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చేసే పదార్థాన్ని 1957లో లండనులో ఐజాక్సు, లిండెన్‌మన్ అనే ఇద్దరు కనిపెట్టి ఇంటర్‌ఫెరాన్ అని పేరుపెట్టారు. ఇది దొంగను ఆలస్యం చేస్తుందే గాని పూర్తిగా అడ్డలేదు. ఆ ఆలస్యంలోనే అసలు సైన్యం సిద్ధం కావాలి.

ఇప్పుడు మన కథలో ముఖ్యమైనవాడు వస్తాడు. చర్మంలోనూ, పేగుల పొరల్లోనూ చెట్టుకొమ్మల్లాగా నాలుగువైపులా చేతులు చాపుకుని ఉండే కణాలు కొన్ని ఉన్నాయి. 1868లో లాంగర్‌హాన్సు అనే జర్మను వైద్య విద్యార్థి వీటిని చర్మంలో మొదటిసారి చూసి, ఆ కొమ్మలను బట్టి నరాలకు సంబంధించినవి కాబోలు అనుకున్నాడు. నూరేళ్ళు గడిచినా వాటి పని ఎవరికీ అంతుపట్టలేదు. 1973లో అమెరికాలో రాల్ఫు స్టీన్‌మన్ ఇటువంటి కొమ్మల కణాలను ప్లీహంలో కనిపెట్టాడు. ఆ తరువాత గాని వాటి ఉద్యోగం ఏమిటో తెలిసిరాలేదు. ఇవి వేగులవాళ్ళు! శత్రువు దొరికితే ముక్కలు చేసి, ఒక ముక్కను తమ చేతులమీద పెట్టుకుని, ఉన్నచోటు వదిలి దగ్గరలోని సైనిక శిబిరానికి పరుగెత్తుతాయి. స్టీన్‌మన్‌కు 2011లో నోబెలు బహుమతి ఇచ్చారు. పాపం, ఆ సంగతి ప్రకటించడానికి మూడు రోజుల ముందే ఆయన చనిపోయాడు.

ఆ శిబిరాలు ఎక్కడున్నాయంటారా? మీ ఒంట్లోనే తడిమి చూడవచ్చు. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది గదా! గొంతు నొప్పి చేస్తే దవడల కింద బిళ్ళలు తేలతాయి. ఆ బిళ్ళలే శిబిరాలు. వేగు అందిన వెంటనే అక్కడ సైన్యం పెరుగుతుంది గనుక అవి ఉబ్బుతాయి.

శిబిరంలో ఏం జరుగుతుందో వినండి. అక్కడ కోట్లకొద్దీ తెల్లకణాలు ఎదురుచూస్తూ ఉంటాయి. చూడడానికన్నీ ఒకటిగానే ఉంటాయి గాని, ఒక్కొక్కదాని ఒంటిమీద ఒక్కొక్క తీరు కొక్కెం ఉంటుంది. ఏ కొక్కెం ఏ శత్రువుకు పట్టుకుంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. కణం తయారయ్యేటప్పుడే దానిలోని జన్యువుల ముక్కలు పేకముక్కల్లా కలిసిపోయి, ఏదో ఒక తీరు కొక్కెం ఏర్పడుతుంది. ఈ పేకాట రహస్యం విప్పిన జపాను శాస్త్రజ్ఞుడు తొనెగావాకు 1987లో నోబెలు బహుమతి వచ్చింది. మీరు ఎన్నడూ చూడని, ప్రపంచంలో ఇంకా పుట్టని క్రిమికి కూడా సరిపోయే కొక్కెం మీ ఒంట్లో ఇప్పుడే ఎక్కడో ఉండవచ్చునన్నమాట! నాకు ఈ ఒక్క సంగతి తలుచుకుంటే, మన ఒంట్లోని మిగతా వింతలన్నీ చిన్నవిగా తోస్తాయి.

వేగులవాడు తెచ్చిన ముక్కను ఆ గుంపులో అందరికీ చూపుతాడు. లక్షమంది తలలు అడ్డంగా ఊపుతారు. ఎక్కడో ఒకడి కొక్కెం టక్కున పట్టుకుంటుంది. అంతే, వాడు ఇద్దరవుతాడు, ఇద్దరు నలుగురవుతారు, నాలుగు ఎనిమిది. మీరు లెక్కల్లో చేసిన రెట్టింపుల లెక్కే. వారం, పది రోజుల్లో పెద్ద పటాలం తయారవుతుంది. వీళ్ళలో కొందరు తమ కొక్కేల్లాంటివే విడిగా తయారుచేసి నెత్తురులోకి వదులుతారు. ఒక్కొక్క కణం సెకనుకు సుమారు రెండువేలు వదలగలదు! ఆ విడి కొక్కెం చూడడానికి మీరు రేగుపళ్ళు కొట్టడానికి కోసుకునే పంగల కర్రలాగా ఉంటుంది. రెండు పంగలతో వైరసు ఒంటిమీది తాళంచెవిని పట్టుకుంటుంది. తాళంచెవికి ముసుగు పడిన తరువాత వైరసు ఏ తలుపూ తియ్యలేదు. దీన్నే పెద్దవాళ్ళ పుస్తకాల్లో ప్రతిరక్షకం అంటారు. పటాలంలో మరొక తెగ కూడా ఉన్నది. వాళ్ళు దొంగ చొరబడిన కణాలను గుర్తుపట్టి, ఆ కణాలను దొంగతోసహా చంపివేస్తారు. సొంత ఇంటికి నిప్పు పెట్టుకోవడం బాధే గాని, వీధంతా తగలబడడంకన్న అదే మేలు.

యుద్ధం అయిపోగానే పటాలంలో చాలామంది చచ్చిపోతారు. కొద్దిమంది మాత్రం మిగులుతారు. ఆ శత్రువు ముఖం వాళ్ళు మరిచిపోరు. ఎన్నాళ్ళు మరిచిపోరంటే, దానికొక నిజమైన కథ ఉన్నది. ఉత్తర సముద్రాల్లో ఫారో దీవులని ఉన్నాయి. 1846లో అక్కడ తట్టు జబ్బు వచ్చి ఇంటింటినీ చుట్టబెట్టింది. దాన్ని పరిశీలించడానికి వెళ్ళిన పానుం అనే యువ డాక్టరు ఒక విచిత్రం గమనించాడు. బాగా ముసలివాళ్ళలో కొందరికి అది అంటనేలేదు. విచారిస్తే, ఆ దీవుల్లో అంతకు ముందు తట్టు వచ్చినది 1781లో. వీళ్ళకు చిన్నతనంలో అప్పుడు వచ్చిపోయింది. అరవై అయిదేళ్ళు గడిచినా వాళ్ళ ఒళ్ళు ఆ శత్రువును మరిచిపోలేదు! అయితే ఈ తట్టు వైరసు మహా దుర్మార్గమైనది. అది ఇతర జబ్బులను జ్ఞాపకం పెట్టుకున్న కణాలను కూడా చాలావరకు చంపివేస్తుందని 2019లో శాస్త్రజ్ఞులు తేల్చారు. తట్టు తగ్గిన పిల్లవాడికి, పాత శత్రువులే కొత్తవాళ్ళలాగా కనబడతారన్నమాట. తట్టు టీకాకు ఆ దోషం లేదు.

టీకా అంటే ఏమిటో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కరలేదు. చచ్చిన శత్రువునో, బలహీనపరిచిన శత్రువునో వేగులవాళ్ళకు అప్పగించడమే. యుద్ధం లేకుండా జ్ఞాపకం మిగులుతుంది.

ఇక 2016 సంగతికి వద్దాం. వైరసు కనబడినా ఎవరికీ జబ్బు చెయ్యలేదని చెప్పాను గదా. పోలియో విషయంలో అది ధైర్యం చెప్పే సంగతి కాదు. పోలియో వైరసు సోకినవాళ్ళలో చాలామందికి అసలేమీ కాదు. కొందరికి రెండు రోజులు జ్వరం వచ్చి పోతుంది. సుమారు రెండువందల మందిలో ఒకరికి మాత్రం వైరసు వెన్నుపాములోకి చేరి, కాళ్ళను కదిలించే నరాల కణాలను చంపుతుంది. చచ్చిన ఆ కణాలు మళ్ళీ పుట్టవు. అంటే, ఒక్క పిల్లవాడికి కాలు చచ్చుపడినట్టు మనకు తెలిసేటప్పటికి, వందలమంది పిల్లల్లోకి వైరసు వెళ్ళివచ్చి ఉంటుంది! కాని సోకిన ప్రతివాడూ, జబ్బు ఉన్నా లేకపోయినా, కొన్ని వారాలపాటు దొడ్డికి వెళ్ళినప్పుడల్లా వైరసును బయటికి పంపుతాడు. మురుగు కాలవ ఎవరి మొహమూ చూడదు. అందరి కబురూ తెస్తుంది. అందుకే ఆస్పత్రికంటె ముందు మురుగే చెప్పగలిగింది.

మరి మన దేశంలో పోలియో పోయింది గదా, ఆ వైరసు ఎక్కడినుంచి వచ్చింది? మన దేశంలో సహజమైన పోలియో చివరిసారి 2011 జనవరిలో, పశ్చిమ బెంగాలులో హౌరా దగ్గర ఒక పాపకు వచ్చింది. హైదరాబాదు మురుగులో దొరికినది ఆ తెగ కాదు. పోలియో చుక్కల మందులో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరసు. అది పిల్లల పేగుల్లో కొంతకాలం ఉండి, బయటికి వస్తుంది. చుట్టుపక్కల పిల్లలందరికీ టీకాలు పడి ఉంటే ఆ కథ అక్కడితో సరి. టీకాలు పడని పిల్లలు ఎక్కువగా ఉంటే మాత్రం, అది ఒకరినుంచి ఒకరికి నెలల తరబడి పాకుతూ, మారుతూ మారుతూ పోయిన కోరలు మళ్ళీ మొలిపించుకోవచ్చు. దొరికిన వైరసు అలా మారడం మొదలుపెట్టినదే. పోలియోలో మూడు రకాలున్నాయి. ఇది రెండో రకం. ఆ రెండో రకాన్ని చుక్కల మందులోనుంచి మన దేశం 2016 ఏప్రిలు 25న తొలగించింది. దాని సహజమైన తెగ అప్పటికే భూమిమీద అంతరించింది గనుక. ఆ మార్పు జరిగి నెల తిరగకముందే పట్టిన నీళ్ళలో ఆ రెండో రకమే కనబడింది! ఏప్రిలు తరువాత పుట్టిన పసివాళ్ళకు చుక్కలలో దాని రక్షణ లేదు. సూది టీకా ఒకటే దిక్కు. ప్రపంచమంతటా అప్పుడు ఆ సూది టీకాకు కరువుగా ఉన్నది.

అయిదోవంతు సంగతి ఇక్కడే వస్తుంది. మామూలుగా ఈ టీకాను కండలోకి గుచ్చుతారు. కండలో వేగులవాళ్ళు తక్కువ. అదే చర్మం పొరల్లో అయితే కొమ్మల కణాలు దట్టంగా కాపలా కాస్తూ ఉంటాయి. మందును కండదాకా పోనివ్వకుండా, చర్మం పొరల్లోనే బుడిపె లేచేటట్టు వేస్తే, కొంచెం మందే ఎక్కువమంది వేగులవాళ్ళ చేతికి చిక్కుతుంది. సరిగ్గా ఆ ఉపాయమే పన్నారు. రెండుసార్లు వేసిన అయిదోవంతు, ఒకసారి వేసిన పూర్తి టీకాకు తీసిపోదనీ, ఇంకా మెరుగనీ పరీక్షల్లో తేలింది. పొదుపు కోసం చేసిన పని గాని, లోపం చేసిన పని కాదు. ఇప్పుడు మన పసిపిల్లలందరికీ ఆరు వారాలకూ, పద్నాలుగు వారాలకూ ఇదే వేస్తున్నారు. 2023 నుంచి తొమ్మిదో నెలలో మూడోది కూడా చేర్చారు. మీ ఇంట్లో చంటివాడుంటే టీకాల కార్డు తీసి, ఈ మూడు గళ్ళూ నిండాయో లేదో మీ అమ్మతో కలిసి చూడండి.

"చుక్కలు వేయించాం గదా, మళ్ళీ సూది ఎందుకూ, పిల్లవాడు ఏడుస్తాడు" అనే తల్లులుంటారు. వాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్నే. చుక్కల మందు పేగుల్లో కాపలా పెడుతుంది. వైరసు అక్కడ కాపురం పెట్టలేదు, ఇంకొకరికి పాకలేదు. సూది టీకా నెత్తురులో కాపలా పెడుతుంది. పేగుల్లోకి వచ్చినా వెన్నుపాము దాకా పోనివ్వదు. ఒకటి ఊరిని కాస్తుంది, ఒకటి కాలిని కాస్తుంది. రెండూ కావాలి.

అన్నట్టు, మన కావలివాళ్ళు మరీ బుద్ధిమంతులని అనుకోకండి. ఉప్పలు, నాచారం వైపు ఖాళీ స్థలాల్లో తెల్లని చిన్న పూలతో పిచ్చిగా పెరిగే వయ్యారిభామ మొక్కను చూసే ఉంటారు. దాని పుప్పొడి ఏ జబ్బూ తెచ్చేది కాదు. అయినా కొందరి ఒంట్లోని సైన్యం దాన్ని చూసి శత్రువనుకుని యుద్ధానికి దిగుతుంది. తుమ్ములు, దురదలు, ఆయాసం అన్నీ ఆ ఉత్తుత్తి యుద్ధపు ఫలితాలే. ఒక్కొక్కప్పుడు సొంత మనుషులనే శత్రువులనుకోవడం కూడా ఉన్నది. చిన్నపిల్లలకు వచ్చే మధుమేహం చాలాభాగం అలాంటిదే.

మూసీ నీళ్ళను చదవడం 2016తో ఆగలేదు. నాగోలు నుంచి మెట్రో ఎక్కితే ఉప్పలు దాటిన తరువాత హబ్సిగూడ వస్తుంది. అక్కడ సి.సి.యం.బి. అనే పెద్ద పరిశోధనాలయం ఉన్నది. కణాలను గురించి పరిశోధించడమే దాని పని. 2020లో కరోనా వచ్చి మనమంతా ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు, ఎంతమందికి సోకిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంటింటికీ వెళ్ళి ముక్కులో పుల్ల పెట్టి చూడడం అయ్యే పని కాదు గదా! సి.సి.యం.బి. వారూ, దాని పొరుగున తార్నాకలో ఉన్న ఐ.ఐ.సి.టి. వారూ కలిసి నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నీళ్ళు పట్టి పరీక్షించారు. కరోనా సోకినవాళ్ళు సుమారు ముప్పై అయిదు రోజులదాకా వైరసు తునకలను బయటికి పంపుతారు. నీటిలో ఆ తునకలు ఎన్ని ఉన్నాయో కొలిచి, మనిషికి ఎన్ని వస్తాయో భాగించి, ఆ నెల పైచిలుకు కాలంలో నగరంలో సుమారు 6 లక్షల 60 వేలమందికి సోకి ఉంటుందని ఆగస్టులో అంచనా చెప్పారు. పరీక్షల్లో తేలిన లెక్కకంటె అది ఎన్నో రెట్లు ఎక్కువ. తమకు సోకినట్టు ఆ జనంలో చాలామందికి తెలియనే తెలియదు. మురుగులో దొరికే ఆ తునకలు ఇతరులకు అంటేవి కావనీ, శుద్ధిచేసి వదిలిన నీళ్ళలో అవి కనబడలేదనీ కూడా వారు చెప్పారు.

2022లో లండను మురుగులోనూ ఇదే రెండో రకం పోలియో కనబడింది. అక్కడివాళ్ళు కూడా ఆగస్టులో ఏడాది మొదలు తొమ్మిదేళ్ళ దాకా పిల్లలందరికీ టీకాలు మొదలుపెట్టారు. అదే సంవత్సరం అమెరికాలో న్యూయార్కు దగ్గర టీకా వేయించుకోని ఒక యువకుడికి కాళ్ళు చచ్చుపడిన తరువాత గాని అక్కడివాళ్ళు మురుగును పోలియో కోసం వెతకలేదు. వెతికితే, అంతకు ముందునుంచే వైరసు అక్కడ తిరుగుతున్నట్టు తేలింది. హైదరాబాదులో సీసా ముందు మాట్లాడింది, అక్కడ మనిషి కాలు ముందు పోయింది.

ప్రయోగశాలలో ఈ సీసా ఏమవుతుందో చెప్పలేదు గదూ! మురుగును వడగట్టి, చిక్కబరిచి, గాజు పాత్రలో పెంచుతున్న సజీవ కణాలమీద పోస్తారు. అవి పోలియో వైరసు దొంగ తాళంచెవికి తెరుచుకునే తలుపులున్న కణాలే. పాత్రను వెచ్చగా ఉంచి, రోజూ సూక్ష్మదర్శినిలో చూస్తారు. నీళ్ళలో వైరసు లేకపోతే కణాలు చాప పరిచినట్టు నిండుగా ఉంటాయి. ఉంటే, కొద్ది రోజుల్లో ఒక్కొక్క కణమే గుండ్రంగా ముడుచుకుని, చాపకు చిల్లులు పడడం మొదలవుతుంది. అప్పుడు ఆ వైరసును బయటికి తీసి, దాని జన్యువులను అక్షరం అక్షరం చదివి, ఏ రకమో, ఎంత మారిందో, అంటే ఎన్నాళ్ళుగా ఊళ్ళో తిరుగుతున్నదో లెక్క కడతారు.